కంది కయ్యలో మా మూడంతస్తుల మేడ

మొన్న ఆదివారం సొంతిల్లు కట్టబోయి ఇంకొకరి కయ్య కట్ట కూలగొట్టొచ్చినా. నవ్వబాకండి, పూర్తిగా ఇనండి.

పుల్లలచెరువు పక్కన ఒక కొండ ఉంది. పాతకాలంలో మట్టీ సున్నమూ లేకుండా ఒట్టి రాళ్ళు పేర్చి, అడ్డంగా కట్టలు కట్టి, మెట్లు మెట్లుగా కయ్యలు, అంటే చిన్న చిన్న మడులు, చేసినారు. ఇప్పటికీ వాటిల్లో కంది ఏస్తారు. ట్రెక్కింగని నేనూ మా ఆవిడా పోయినాము. సగం కొండెక్కేసరికే నా పని అయిపోయింది. ఒక కట్ట నీడన కూలబడినా.

"కొండ మీద రాళ్ళు పేర్చి మొక్కుకుంటే సొంతిల్లు వస్తదంట గదా, మనమూ పెడదాం" అన్నింది మా ఆవిడ. మాది అద్దిల్లు. ఓనరు గోడకి మేకు కూడా కొట్టనియ్యడు. సరేనని మొదలుపెట్టినా. చుట్టూ గుండ్రాళ్ళే, ఒకదాని మీద ఒకటి నిలబడలా. కట్టలో చూస్తే పలకల మాదిరి చదునైన రాళ్ళు. ఒకటి లాగినా. ఇంకోటి లాగినా. రెండంతస్తులు లేసినాయి. "పైన పిల్లలకొక రూము" అన్నింది. ఈసారి కట్ట అడుగు నుంచి లాగినా.

గడగడమని సౌండు. పక్కకి దూకి చూస్తే కట్ట మంచమంత మేర జారిపోయి, ఎర్రమన్నూ కంది మొక్కలూ నా బూట్ల మీదికి వచ్చినాయి. మేడ వాటి కింద పోయింది.

పై కయ్యలో కలుపు తీస్తున్న అక్క దిగొచ్చింది. కట్ట చూసింది, మబ్బు చూసింది.

"ఏందన్నా ఇది? సాయంత్రం వానొస్తే ఈ మన్నంతా వాగులోకి పోతది. మళ్ళా నువ్వు తెస్తావా?"

నాకు నిజంగానే తల కొట్టేసినట్టయింది. "కట్టిస్తాలే అక్కా" అన్నా.

"కట్టించేదేంది, కట్టు."

కట్టినా. మా ఆవిడ రాళ్ళు అందిచ్చింది. చేతి ఏళ్ళు నలిగినాయి, నడుం పట్టేసింది. చివరి రాయి పెట్టి, చేతులు దులుపుకొని ఎనక్కి జరిగి చూసుకున్నా. నా కంటికి బాగానే ఉంది.

అంతలో కింద నుంచి ఒక కొత్త జంట వచ్చి నేను కట్టిన గోడ కాడ ఆగినారు. ఆ అమ్మాయి చెప్పులిడిచి, ఒక గులకరాయి తీసి దాని మీద పెట్టి, "డబుల్ బెడ్రూమైనా చాలు సామీ" అని దండం పెట్టుకుంది.

అక్క గోడ వంక చూసింది, నా వంక చూసింది. కొంగు నడుముకి చుట్టింది.

"పీకెయ్ అన్నా. మొదటి నుంచి కడదాం."