విరిచి చూడకముందే రాసిన మాట

మొన్న ఫిబ్రవరిలో ఒక పెళ్ళికని హైదరాబాద్ నుంచి ఆర్మూర్ వెళుతున్నాను. పెర్కిట్ ఇంకా రాకముందే బస్సు కాసేపు ఆగింది. కిటికీలోంచి పసుపు ఉడుకుతున్న వాసన వచ్చింది. తడి మట్టి, పచ్చి ఆకు, కొంచెం ఘాటు, అన్నీ కలిసిన వాసన అది. పక్క సీటులోని అమ్మాయి ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుంది. నేను కిటికీ ఇంకాస్త తెరిచాను. ఆ వాసన వస్తే నాకు లింబవ్వ గుర్తుకొస్తుంది. గుర్తుకు రావడమే కాదు, కొంచెం భయం కూడా వేస్తుంది. ఆమె పోయి ఎన్నో ఏళ్ళయింది, నాకు మనవరాళ్ళు కూడా ఉన్నారు, అయినా వేస్తుంది.

యాభైల చివర్లో నాకు పెర్కిట్ బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. నిజామాబాద్‌లో చదువుకున్నదాన్ని, నాకన్నీ తెలుసుననే ధీమా నిండుగా ఉండేది. లింబవ్వ ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. అరవై దాటిన మనిషి, భర్త లేడు, రెండెకరాల పసుపు ఆమే చేసుకునేది. ఊళ్ళో ఎవరు పసుపు ఉడికించినా కడాయి దించే ముందు ఆమెకు కబురు వచ్చేది. ఆమె వెళ్ళి, నురగ చూసి, వాసన చూసి, ఒక కొమ్ములో సన్నటి పుల్ల గుచ్చి చూసి, "ఇగ దించుండ్రి" అంటేనే దించేవారు. చదువు రాదు. నన్ను మాత్రం "పంతులమ్మా" అని గౌరవంగానే పిలిచేది. కోపం వస్తే "బిడ్డా" అనేది. మామూలుగా లోకంలో ఇది తలకిందులుగా ఉంటుంది.

ఆ రోజుల్లోనే ఊరికి పంచాయతీ రేడియో వచ్చింది. పెద్ద చెక్కపెట్టె, దానికొక బ్యాటరీ పెట్టె, ఇంటి మీదికి ఏరియల్ తీగ. లింబవ్వ అరుగు వెడల్పుగా ఉంటుందని దాన్ని అక్కడే పెట్టారు. వారానికి రెండు సాయంత్రాలు రైతుల కార్యక్రమం. ఇరవై మందితో శ్రోతల సంఘం కట్టారు. విన్నాక మాట్లాడుకోవాలి, మాట్లాడుకున్నది ఒక ఫారంలో రాసి స్టేషన్‌కు పంపాలి. స్టేషన్ వాళ్ళు వాటిని చదివి, ప్రశ్నలుంటే మళ్ళీ రేడియోలోనే జవాబు చెప్పేవారు. రాసే పని ఎవరికీ ఇష్టం లేక హెడ్మాస్టరు గారు నా నెత్తిన వేశారు. నాకు మాత్రం అది పండగే.

లింబవ్వ రేడియోతో మాట్లాడేది. లోపలి మనిషి "రైతు సోదరులారా, వర్షాలు బాగా కురిశాయి" అంటే, "ఏడ?" అని అడిగేది. "కొత్త వంగడం మంచి దిగుబడి ఇస్తోంది" అంటే మళ్ళీ "ఏడ?" అనేది. అందరూ నవ్వేవారు. సంఘం పెద్ద ముత్తెన్న ఒకసారి, "అవ్వా, గాయిన హైదరాబాద్ల ఉన్నడు, నీ మాట గాయినకు ఇనబడదే" అన్నాడు.

"ఇనబడకుంటే ఏమాయె. అడుగుడు అడగాలె గద" అంది ఆమె.

నాకేమో ఆ "ఏడ" చికాకుగా ఉండేది. రేడియో అంటేనే అన్ని చోట్లదీ అని నా నమ్మకం. ఢిల్లీలో రాసిన ఒక్క ప్రసంగం అన్ని భాషల్లోకీ మారి, ఒకే వారంలో దేశంలోని స్టేషన్లన్నిటి నుంచీ వస్తుందని తెలిసినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. బడి గోడ మీది భారతదేశ పటంలో స్టేషన్ ఉన్న ప్రతి ఊరి మీదా ఎర్ర సిరాతో చుక్క పెట్టాను. కొత్త స్టేషన్ మొదలైందని వార్తల్లో వినగానే మరుసటి రోజు పొద్దున పిల్లల ముందు ఇంకో చుక్క పెట్టేదాన్ని. ఏడాది గడిచేసరికి చుక్కలు బాగా పెరిగాయి. వాటన్నిటినీ నేనే కట్టించినంత గర్వంగా ఉండేది.

ఒక మాఘమాసం రేడియోలో పసుపు గురించి ఒక పెద్దమనిషి మాట్లాడాడు. నీళ్ళు మరగడం మొదలయ్యాక అరగంట ఉడికిస్తే చాలునట, కట్టెలు సగం మిగులుతాయట. అయితే ఆయన జాగ్రత్తగానే చెప్పాడు. ముందు కొంచెం పసుపుతో చేసి చూడండి, ఫలితం మాకు రాయండి, మొదట వచ్చిన ఉత్తరాన్ని రేడియోలో చదువుతాం అన్నాడు. ఆ చివరి మాట దగ్గర నా చెవులు నిక్కబొడుచుకున్నాయి.

మర్నాడే లింబవ్వ పెరట్లో ఒక కుండలో చేసి చూశాం. గడియారం నాదే. అరగంట కాగానే దింపించాను. కొమ్ములు బయటికి తీస్తే నారింజ రంగులో మెరుస్తున్నాయి. ముత్తెన్న "మంచిగనే కొడుతుంది రంగు" అన్నాడు. లింబవ్వ ఒక కొమ్మును వేళ్ళ మధ్య నొక్కి చూసింది. వాటిని గడ్డి మీద పరిచి, "పదిహేను దినాలు ఎండనియ్యి. ఎండినంక విరిచి చూడాలె. గప్పుడు రాయి పంతులమ్మా" అంది. పసుపు బాగా ఉడికిందా లేదా అన్నది ఎండాక విరిస్తేనే తెలుస్తుంది. బాగా ఉడికిన కొమ్ము ఠంగుమని విరుగుతుంది, లోపల రంగు నిండుగా ఉంటుంది. సరిగా ఉడకనిది పొడిపొడిగా నలిగిపోతుంది. అక్కడ ఇది అందరికీ తెలుసు. నాకూ అప్పటికి తెలుసు.

కానీ పదిహేను రోజులు ఆగితే మొదటి ఉత్తరం ఇంకెవరిదో అవుతుంది. ఆ సాయంత్రమే ఫారం తీశాను. "ఫలితం" అన్న చోట ఖాళీగా ఒక గీత ఉంది. "మా సంఘం ఈ పద్ధతి అనుసరించింది. పసుపు నాణ్యత ఏమాత్రం తగ్గలేదు. కట్టెలు సగం మిగిలాయి. సభ్యులందరూ అంగీకరించారు" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి పోస్టు చేశాను. అబద్ధం రాస్తున్నానని ఆ క్షణంలో అనుకోలేదు. ఎలాగూ జరగబోయేదే కదా, కొంచెం ముందు రాస్తున్నాను అనుకున్నాను.

వారం తిరక్కుండా రేడియోలో మా ఊరి పేరు వచ్చింది. "నిజామాబాద్ జిల్లా పెర్కిట్ శ్రోతల సంఘం ఇలా రాస్తోంది" అంటూ నా వాక్యాలు ఒక్క అక్షరం మార్చకుండా చదివారు. అరుగు మీద జనం చప్పట్లు కొట్టారు. ముత్తెన్న పిల్లవాణ్ణి పంపి బెల్లం తెప్పించి పంచాడు. నా కాళ్ళు నేల మీద నిలవలేదు. సందడి సద్దుమణిగాక లింబవ్వ పెరటి వైపు చెయ్యి చూపించింది.

"గా కొమ్ములింక గడ్డి మీదనే ఉన్నయి గద బిడ్డా" అంది.

ఆమె బిడ్డా అన్నదని గమనించాను. అయినా పట్టించుకోలేదు. మరో నాలుగు రోజులకు స్టేషన్ నుంచి ఉత్తరం వచ్చింది. పెర్కిట్ అనుభవాన్ని ఢిల్లీ కార్యక్రమంలో చేర్చామని, అన్ని భాషల్లోనూ ప్రసారమవుతుందని, అభినందనలని. ఆ ఉత్తరం బడిలో పిల్లలకు చదివి వినిపించాను.

పదిహేను రోజులూ అయ్యాక లింబవ్వ నన్ను పెరట్లోకి పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టుకొని, కొమ్ములు ఒక్కొక్కటే విరిచింది. ఒక్కటీ మోగలేదు. పెళుసుగా నలిగి, మధ్యలో పాలిపోయి ఉన్నాయి. మా దగ్గరి కొమ్ము లావు, అరగంటలో లోపలి దాకా ఉడకదు. ఆమె ఆ ముక్కలన్నీ నా ఒళ్ళో పోసి, "ఇగ ఏం రాస్తవ్?" అంది.

"చిన్న కుండ కదా అవ్వా, అందుకే చెడిపోయి ఉంటుంది" అన్నాను. నేను మళ్ళీ రాయలేదు. ఎవరూ మా మాట విని అంత పని చేసి ఉండరులే అని రోజూ నాకు నేనే చెప్పుకున్నాను.

భూమన్న వచ్చింది ఆ తర్వాత పది రోజులకు. నందిపేట్ వైపు రైతు, నలభై ఏళ్ళుంటాయి. భుజం మీద చిన్న మూట. అరుగు కింద నిలబడి, "రేడియో పంతులమ్మ మీరేనా?" అని అడిగాడు. మూట విప్పి కొన్ని కొమ్ములు నా ముందు పెట్టాడు. ఏడాది పంటంతా అరగంట లెక్కనే ఉడికించాడట. ఆర్మూర్ మార్కెట్‌లో ఏజెంటు ఒకటి విరిచి చూసి, ఇదేం పసుపని బుట్ట పక్కకు నెట్టేశాడట. ఆయన కొట్లాటకు రాలేదు. ఆ గొంతులో కోపం లేకపోవడమే నాకు మరీ కష్టమైంది.

"మీ ఊర్ల మంచిగైందని రేడియోల చెప్పిండ్రు గదమ్మా. మాకే ఎందుకు చెడిందో తెల్వది. నేనేడ తప్పు జేసిన్నో జర చెప్పుండ్రి. మళ్ళ ఏడాదన్న సరిగ జేసుకుంట" అన్నాడు.

నేను అప్పుడు అన్న మాట ఇప్పుడు రాయడానికి కూడా సిగ్గుగా ఉంది. "మంట సరిగా పెట్టలేదేమో అన్నా" అన్నాను. ఆయన నిజమేనేమో అన్నట్టు తలూపాడు. "నా భార్య గట్లనే అన్నది. కట్టెలు పచ్చియి ఉండె" అన్నాడు. తన తప్పే అని ఒప్పుకొని, మూట కట్టుకోవడం మొదలుపెట్టాడు.

లింబవ్వ గడపలో నిలబడి అంతా వింటోంది. నన్ను తిట్టలేదు. ఆయనకు విషయం చెప్పనూ లేదు. మంచినీళ్ళ చెంబు ఆయన చేతికిచ్చి, "జరసేపు కూసో నాయనా. పంతులమ్మ ఇంకో మాట చెప్పాల్నంట" అంది. అని నా మొహం కేసి చూస్తూ నిలబడింది.

చివరికి, "నీ తప్పు కాదన్నా. మా దగ్గర కూడా చెడింది. ఎండకముందే నేను రాసి పంపిన" అని చెప్పాను. "మరి రాసుడెందుకమ్మా?" అన్నాడు భూమన్న, నిజంగా అర్థంకాక అడిగినట్టు. ఆయన నీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం బడికి వెళ్ళి పటం ముందు నిలబడ్డాను. నా వాక్యం వెళ్ళిన ఊళ్ళన్నీ నేనే ఎర్ర సిరాతో గుర్తుపెట్టి ఉంచాను.

తప్పు ఒప్పుకుంటూ స్టేషన్‌కు రాస్తానంటే హెడ్మాస్టరు గారు కంగారుపడ్డారు. "ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కూడా కాలేదు మీది. పైగా మన సంఘం అబద్ధం రాసిందంటే రేడియో గుంజుకపోతరు. రాసింది రాసిండ్రు, ఇడిసిపెట్టుండ్రి" అన్నారు. ముత్తెన్నదీ అదే మాట. రేడియో పోతే ఊరు నన్ను క్షమించదని నాకు తెలుసు. ఇంటికొచ్చి లింబవ్వకు చెబితే, "గుంజుకపోతే పోనియ్యి. డబ్బ లేనప్పుడు మనం పసుపు ఉడకపెట్టలేదా?" అంది. ఆ రాత్రే ఉత్తరం రాశాను. పొద్దున ఆమే నాతో పోస్టాఫీసు దాకా నడిచి వచ్చింది. నేను మధ్యలో వెనక్కి తిరుగుతానని అనుమానం కాబోలు.

హైదరాబాద్ స్టేషన్ వాళ్ళు మర్యాదస్తులు. సవరణ చదివారు, నిజం రాసినందుకు ధన్యవాదాలు కూడా చెప్పారు. రేడియో గుంజుకుపోలేదు. నా ఉద్యోగమూ పోలేదు. హమ్మయ్య అనుకున్నాను. లింబవ్వ మాత్రం ఊరుకోలేదు. "ఇయ్యాల రేడియో కాడ ఎవ్వలు కూసున్నరో ఎవ్వలు లేరో మనకెరుకనా? మార్కెట్‌కు పోదాం పా" అంది.

సెలవు పెట్టి మూడు రోజులు వెళ్ళాను. ఆర్మూర్ మార్కెట్ గేటు పక్కన ఆమె ఒక గోనెసంచి పరిచి, తను ఉడికించిన కొమ్ములు ఒక కుప్ప, మా కుండలో చెడినవి ఒక కుప్ప పోసింది. వచ్చిన ప్రతి బండినీ ఆపి, రెండిట్లోంచీ ఒక్కొక్కటి విరిచి రైతు చేతిలో పెట్టేది. చెప్పాల్సిన మాట నాది. "రేడియోలో వచ్చిన పెర్కిట్ మాట నేను రాసింది. అది తప్పు. అరగంట చాలదు." కొందరు నవ్వారు, ఒకాయన తిట్టాడు. ఒక ముసలాయన "ఆడపిల్ల, పోనియ్యుండ్రి" అని జాలిపడ్డాడు, అది తిట్టుకంటే ఎక్కువ తగిలింది. మొదటి రోజు తల ఎత్తలేకపోయాను. మూడో రోజుకు లింబవ్వ చెప్పకుండానే నేనే బండ్లకు ఎదురెళ్ళాను.

మూడో సాయంత్రం పెర్కిట్‌కు నడిచి వస్తుంటే, "అవ్వా, ఇంక అయిపోయినట్టేనా?" అని అడిగాను. మెచ్చుకుంటుందని ఆశ.

"నీ మాట ఏడేడికి పోయిందని చెప్పినవ్?"

"తమిళంలో, మరాఠీలో, ఒరియాలో... అన్ని భాషల్లోకి."

"గాడ పసుపు పండిస్తరా?"

"పండిస్తారు."

"ఆళ్ళ మాట నీకస్తదా?"

"రాదు."

ఆమె గోనెసంచి ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకొని నడిచింది.

ఆ తర్వాత ముప్పై ఏళ్ళకు పైగా ఉద్యోగం చేశాను. బడి ఫారాల్లో, ఇంకా తేలని ఫలితం రాయమన్న గీతను ఎన్నిసార్లో ఖాళీగా వదిలేశాను. ఇన్‌స్పెక్టర్లు విసుక్కున్నారు, ఒకరిద్దరు మెమో కూడా ఇచ్చారు. లింబవ్వ నేర్పింది అంతమాత్రం నిలబెట్టుకున్నాననుకుంటాను. కానీ హైదరాబాద్ నుంచి ఢిల్లీకి వెళ్ళిన సవరణ మిగతా భాషల్లో చదివారో లేదో నాకు ఈనాటికీ తెలియదు. నాకు రాని ఏదో భాషలో, నేను చూడని ఏదో ఊళ్ళో, ఆ ఏడాది ఒక రైతు నా మాట నమ్మి కడాయి తొందరగా దించి ఉంటాడు. పంట చెడితే కట్టెలు పచ్చివేమో, మంట సరిగా పెట్టలేదేమో అని తననే తిట్టుకొని ఉంటాడు. నీ తప్పు కాదన్నా అని ఆయనకు మాత్రం నేను చెప్పలేకపోయాను.