సీటు కింద ఇడిచిన బగారాకు మొక్క

ఆంధ్రప్రదేశ్ అయిన కొత్తల నేను కరీంనగర్ బడిల చెట్ల పాఠాలు చెప్పేటోణ్ణి. ఒకసారి జగిత్యాల బస్సుల నా పక్కన ఒక ముసలమ్మ నూనె డబ్బాల మొక్క పెట్టుకొని కూసున్నది.

“బగారాకు చెట్టు బిడ్డా, బిర్యానీల ఏసే ఆకు. సాబ్ ఇంట్ల పదేండ్లు వండిన. వాళ్లు హైదరాబాద్ పోతూ ఏం కావాల్నంటే గిదే అడిగిన,” అన్నది.

ఎండిన ఆకు తప్ప పచ్చి చెట్టును నేనెన్నడు చూడలే. అయినా బస్సంత వినేటట్టు, “నేను చెట్ల పాఠాలు చెప్పే సారును అవ్వా. గిది అడివి మొక్క. అన్నంల ఏస్తే పానం మీదికొస్తది,” అన్న.

“మీకెరుక సారూ. ఇంట్ల బాలింత కోడలున్నది,” అని ఆమె డబ్బాను సీటు కిందనే ఇడిచి గంగాధరల దిగింది.

రాలిన ఆకొకటి తీసి నలిపిన. బగారన్నం వాసన గుప్పుమన్నది. ఎండిన బగారాకుకు ఉన్నట్టే తొడిమె కాడికెల్లి మూడు ఈనెలు సాఫ్‌గ కనవడ్డయి. బస్సు ఇంకా కదలలే. ఆమె కిటికీ పక్కనుంచే నడిచిపోతున్నది. పిలిస్తే అందరికి తెలుస్తదని తల దించుకున్న.

మొక్కను ఇంటికి తెచ్చి, ఇసుక కలిపిన ఎర్రమట్టిల పెట్టిన. మన్ను ఎండినంకనే నీళ్లు పోస్తే ఏపుగ పెరిగింది. ఆకులు తెంపుకపోయే ఇరుగుపొరుగోళ్లు ఎక్కడిదని అడిగితే, కొన్ననని చెప్పిన.