వెళ్ళిన నిమిషంలోనే వచ్చినవాళ్ళు

మా నాన్న టీచరుగా ఈ దీవులకొచ్చాడు. నేను ఇక్కడే పుట్టి, కంప్యూటరు నేర్చుకుని, హాడో రేవు దగ్గర ఒక ఆఫీసులో చేరాను. ఆ రోజుల్లో కంప్యూటరు గదికి పూజగది మర్యాద. చెప్పులు బయట విడిచి రావాలి.

అక్కడ నేను రాసిన ప్రోగ్రామొకటి నడిచేది. వేటకెళ్ళే ప్రతి పడవా జెట్టీ దగ్గర కౌంటర్లో చెప్పి వెళ్ళాలి, వచ్చాక మళ్ళీ చెప్పాలి. సాయంత్రం ఇంకా రాని పడవల జాబితా ప్రింటవుతుంది. ఆ కాగితం చేతికొస్తేనే వెతికే లాంచీ కదులుతుంది. మొదలుపెట్టిన నాటి నుంచీ ఆ జాబితా ఖాళీగానే వచ్చేది. మా పెద్దసారు మురిసిపోయేవాడు. నాకైతే కాలు నేలమీద ఆనేది కాదు. సముద్రం కూడా నా ప్రోగ్రాము మాట వింటోందనుకున్నాను, వెర్రి మొహాన్ని!

వానాకాలంలో ఓ మధ్యాహ్నం కౌంటర్లో పనిచేసే అమ్మాయి పరుగున వచ్చింది. వాళ్ళ తాత శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి ఇక్కడ వల వేసినవాడు. తండ్రిదీ అదే పని.

"సార్, మా అయ్య పడవ రాలేదు. గాలి సూస్తే ఇలాగుంది. ఈపాటికి వచ్చేసేవోడు."

పెద్దసారు తెర చూసి తేల్చేశాడు. "సబ్ ఆ గయే, దేఖో. కంప్యూటర్ ఝూట్ బోల్తా హై క్యా?" అందరూ వచ్చేశారట, కంప్యూటరు అబద్ధమాడదట. ఇంటికి పోయి చూసుకోమన్నాడు. ఆ పిల్ల కదల్లేదు, చున్నీ కొస నలుపుతూ నిలబడింది.

నా ప్రోగ్రాము తప్పు చెప్పదని నిరూపిద్దామనే నేను లాగ్ ఫైలు తెరిచాను. ఎవరు ఏ మీట నొక్కారో, ఎప్పుడు నొక్కారో ప్రోగ్రాము అందులో రాసుకుంటుంది. తేడా వస్తే అందులోనే గొణుక్కుంటుంది. పని సాగుతోంది కదా అని అంతవరకూ నేను దాని మొహం చూడలేదు.

ఇప్పుడు చూశాను. వాళ్ళ నాన్న పడవ వెళ్ళిన నిమిషంలోనే తిరిగొచ్చింది. పై వరసా అంతే. నిన్నా అంతే, మొన్నా అంతే. ప్రతి పడవా వెళ్ళిన నిమిషంలోనే వచ్చేసింది. ఇన్నాళ్ళూ ఎవరు మునిగినా నా జాబితా ఖాళీగానే ఉండేదన్నమాట.

"ఎవరు కొట్టారివి?"

"నేనే సార్," అంది నెమ్మదిగా. "ఎల్లినోళ్ళ పక్కన 'వచ్చాడు' గడి ఖాళీగా ఉంచకూడదు. మాలో 'ఎల్తాను' అని ఊరికే ఎవరూ అనరు, 'ఎల్లొస్తాను' అనాలి. పడవోళ్ళు కూడా అదీ కొట్టమ్మా అని నిలబడిపోతారు."

తిట్టడానికి వ్యవధి లేదు. ఆయన 'వచ్చాడు' అన్నది చెరిపితేనే కాగితం వస్తుంది. ఎవరు కొట్టింది వాళ్ళే చెరపాలి. ఆ రూలు పెట్టిన మహానుభావుణ్ణీ నేనే.

"చెరుపు."

"మా అయ్య రాలేదని నా సేత్తో నేను కొట్టాలా? నా వల్ల కాదు సార్."

"చెరపకపోతే నిజంగానే రాడు!" అని అరిచాను. ఆ మాట అన్నందుకు నాకే దడ పుట్టింది. ఆ పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుని మీట నొక్కింది. ప్రింటరు గరగరమని ఒకే ఒక్క పడవ చూపించింది. పెద్దసారు ఆ కాగితం లాక్కుని లాంచీ జెట్టీకి పరుగెత్తాడు.

చీకటి పడేలోపు లాంచీ ఆ పడవను లాక్కొచ్చింది. ఇంజను చెడి కొట్టుకుపోతోందట. ముసలాయన ఐసు కరిగి చేపలు పాడయ్యాయని తిట్టుకుంటూ దిగాడు. కూతురు ఆయన చొక్కా పట్టుకుని వదల్లేదు.

మర్నాడే ప్రోగ్రాము మార్చాను. వెళ్ళిన నిమిషంలో వచ్చానంటే ఇక ఒప్పుకోదు. వారం తర్వాత లాగ్ తెరిస్తే మళ్ళీ మతిపోయింది. ప్రతి పడవ కిందా, వెళ్ళిన నిమిషంలోనే కొట్టిన 'వచ్చాడు'కి ఒక తిరస్కారం. ఒక్క పడవనూ వదల్లేదు. కోపంగా కౌంటరుకెళ్ళాను.

"అది ఒప్పుకోదని చెప్పానా లేదా?"

"తెలుసు సార్. అయినా ఓసారి కొడతాను."

ఏం చెయ్యను? లాగ్ నిండిపోతోందని, ఆ వరసలు రాకుండా ఆపెయ్యమని పైవాళ్ళు ఎన్నోసార్లు చెప్పారు. నేను ఆపలేదు.