గోల్నార్ లేజరుకు దిష్టి తీసిన వైనం

తాళం వేసిన తలుపును మళ్ళీ లాగి చూసుకునే రకం మా గోల్నార్. ఇస్ఫహాన్‌లో మా ప్రయోగశాల చీకటిగదిలో ఆమె పని బంగారు రేణువుల్లోని ఎలక్ట్రాన్లను తన్ని లేపడం. ఒక నీలి లేజరు మెరుపు వాటిని చెంపదెబ్బ కొడుతుంది. ఆ వెంటే తెల్ల మెరుపొకటి వచ్చి, దెబ్బతిన్నవి ఎంత తేరుకున్నాయో చూసి పోతుంది. రెప్ప వేసేలోపు ఆ గొడవ ఎప్పుడో సద్దుమణుగుతుంది. రెండు మెరుపులూ రేణువులున్న గాజుపలక మీద ఒకేచోట పడాలి. ఆ తేరుకునే గీత తెర మీద వస్తేనే గోల్నార్‌కు డాక్టరేటు.

టెహ్రాన్ నుంచి డాక్టర్ కమ్రానీ చూడ్డానికి వచ్చేదాకా గీత బాగానే వచ్చింది. ఆయన లేజరును తెగ మెచ్చుకున్నాడు, గాజుపలకను వేలితో తట్టాడు, మెచ్చుకున్నదానికి దిష్టి తగలకుండా అనే మాషాల్లా మాత్రం అనకుండా వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి గీత అడ్డంగా పడుకుంది. ఆమె పరీక్షకుడూ ఆయనే, మన ఖర్మ.

అద్దాలన్నీ సర్దాం. పలక ముందు కాగితం పట్టి చూస్తే రెండు చుక్కలూ చక్కగా కలిసే ఉన్నాయి. గోల్నార్ ఏడ్చింది. తర్వాత ఇంటికెళ్ళి దిష్టి తీసే ఎస్ఫండ్ గింజలు గుప్పెడు తెచ్చి, నిప్పుల మీద చిటపటలాడించి, లేజరు చుట్టూ తిప్పడం మొదలుపెట్టింది. నేను వద్దనలేదు. నాకూ దిష్టంటే భయమే.

సరిగ్గా అప్పుడే మా ప్రొఫెసర్ సొహ్రాబీ లోపలికొచ్చాడు. అద్దాలు మసిబారిపోతాయని తిట్టబోయి, నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. పొగలో కాంతి దారులు రెండూ తాళ్ళలా కనబడుతున్నాయి. అవి పలకకు వేలెడు ముందే కలుసుకుని, ఎవరి దారిన అవి పోతున్నాయి. కమ్రానీ గారి వేలు పలకను వెనక్కి నెట్టేసింది. మేం కాగితం ముందు పట్టి మురిసిపోతున్నాం.

పలకను ముందుకు జరిపి, అద్దాలు తుడిచేసరికి గీత లేచి నిలబడింది.

పరీక్ష రోజున కమ్రానీ గీతను చాలాసేపు చూసి, పలక జరిగిందని థీసిస్‌లో ఉందే, ఆ తప్పు ఎలా పట్టుకున్నారని అడిగాడు. గాలిలోని కణాల మీద కాంతి చెదరడం గమనించామని సొహ్రాబీ గొంతు సవరించుకుని చెప్పాడు. ఏం కణాలన్నాడు కమ్రానీ. సొహ్రాబీ పైకప్పు వైపు చూశాడు.

"ఎస్ఫండ్ పొగండీ. మీరొచ్చి వెళ్ళాక దిష్టి తీశాను" అంది గోల్నార్.

కమ్రానీ తన వేలి వంక ఓసారి చూసుకుని, తెర మీది గీత వంక చూశాడు.

"మాషాల్లా" అని, సంతకం పెట్టాడు.