పాత మిషన్, కొత్త మిషన్, నా షేర్లు

అప్పట్ల నేను యాకుత్‌పురా స్టేషన్ల టికెట్లిచ్చే గుమాస్తాను. రెండువేల సంవత్సరం దాటి కొన్నేండ్లయింది. ఫ్రిజ్జు కొందామని నేనూ మా ఇంటామె కలిసి దాచిన పైసలను, ఆమెకు చెప్పకుండ, వీడియో గేములు విడుదల చేసే ఒక కంపెనీ షేర్లల్ల పెట్టిన. గల్లీ పిల్లలంతా గేముల మీదనే పడ్డరు, ఇంకేం ఫికర్ అనుకున్న.

ఆరు నెలలల్ల షేరు సగానికి పడ్డది. కొత్త రకం గేము మిషన్ వస్తున్నదట. దాని కోసం అందరూ ఆగి, పాత మిషన్ గేములు కొనుడు బందు చేసిన్రట. పొద్దున పేపరొస్తే షేర్ల పేజీ తెరవకుండనే మడిచి పెట్టేటోన్ని.

ఒక ఆదివారం అన్నం కలిపి, తినకుండ అట్లనే కూసున్న.

"ఏమైంది, గట్ల కూసున్నవేంది?" అని అడిగింది మా ఇంటామె. అంతా చెప్పేసిన. లొల్లి చేస్తదనుకున్న. ఆమె ఒక్క మాటే అడిగింది.

"నువ్వు ఆ గేములు ఎన్నడన్న చూసినవా?"

"లేదు."

"చూడకుండనే పెట్టినవా?" అని చెప్పులేసుకున్నది.

హుస్సేనీ ఆలంల గంటకింత అని పైసలు తీసుకుని గేములు ఆడించే దుకాణం ఒకటుండె. ఇద్దరం అక్కడికి పోయినం. లోపల పాత మిషన్లు ఖాళీగున్నయ్. పిల్లలంతా మూలకున్న, అప్పుడే దిగిన ఒక్క కొత్త మిషన్ కాడ గుమిగూడిన్రు. మా ఇంటామె దుకాణమాయన్ను సూటిగ అడిగింది.

"పిల్లలు గేములాడుడు మానేసిన్రా భాయ్?"

"ఎక్కడ మానిన్రమ్మా! కొత్త దానికి ఇంకా నాలుగే గేములొచ్చినయ్. వాటికోసమే కొట్లాట. ఇంకో రెండు మిషన్లకు ఆర్డరు చెప్పిన."

ఆ నాలుగిట్ల రెండు నేను పైసలు పెట్టిన కంపెనీవే. గేము డబ్బా వెనుక కంపెనీ పేరు రెండుసార్లు చదువుకున్న.

పిల్లలు జరిగి జాగా ఇస్తే మా ఇంటామె కార్ల గేమొకటి ఆడింది. మూడుసార్లు గోడకు గుద్ది, నవ్వాపుకోలేక లేచింది. దారిల అన్నది: "ఇప్పుడే అమ్ముడొద్దు, ఆగుదాం. కానీ ఇంకోసారి నాకు చెప్పకుండ ఏదీ చేయకు."

ఏడాదికి పైనే ఆగినం. నడుమ షేరు ఇంకింత పడ్డది కూడ. అయినా ఇద్దరికీ తెలిసిన సంగతి గనుక నాకు నిద్ర పట్టేది. కొన్న ధర దాటి జర పైకి రాంగనే ఆమెకు చెప్పి అమ్మేసిన. తర్వాత మస్తు పెరిగిందని దోస్తులు చెప్పిన్రు గానీ, నాకేం బాధనిపించలే. అమ్మిన దినం బ్రోకరు ఆఫీసు మెట్లు దిగి చార్మినార్ బస్సెక్కితే కిటికీ పక్కన సీటు దొరికింది. శానా రోజులకు ఊపిరి నిండుగ పీల్చుకున్న.