డేటా బటన్ ముందు పలకరింపు

1988 వానాకాలంలో నన్ను కాకినాడ నుంచి హైదరాబాదు పంజాగుట్ట శాఖకు సర్వీస్ ఇంజనీరుగా వేశారు. కంప్యూటర్లు అమ్మి, తర్వాత వాటి మంచిచెడ్డలు చూసుకునే కంపెనీ మాది. ట్రెయినీకి ఒక మెట్టు పైన, సీనియర్ ఇంజనీరుకు ఒక మెట్టు కింద నా హోదా. శాఖలోని ఇంజనీర్లలో ఆడమనిషిని నేనొక్కదాన్నే. టూల్ బ్యాగుతో ఏ కస్టమరు దగ్గరికి వెళ్లినా కూర్చోబెట్టి, టీ ఇచ్చి, ఇంజనీరు ఎప్పుడొస్తాడని నన్నే అడిగేవారు. మొదట్లో ఒళ్లు మండేది. తర్వాత టీ తాగాకే నిజం చెప్పడం అలవాటు చేసుకున్నాను.

మధురానగర్‌లో ఆడవాళ్ల హాస్టల్లో ఉండేదాన్ని. నా గదిలో రెండో మంచం ఖాళీ. పొద్దున మెస్సులో ఇంకో ఇడ్లీ కావాలని అడిగితే, ఆ తర్వాత సాయంత్రం దాకా నా నోటి నుంచి వచ్చే మాటలన్నీ కేబుళ్ల గురించీ ఫ్లాపీల గురించే. బల్కంపేట ఎల్లమ్మ బోనాల ఆదివారం నాడు ఆ జనంలో కాసేపు తిరిగాను. డప్పుల మోత, తలల మీద బోనాలు, వేపమండలు, ఒకరినొకరు కేకేసుకుంటున్న కుటుంబాలు. నన్ను పేరు పెట్టి పిలిచే మనిషి మాత్రం అక్కడ ఒక్కరూ లేరు. గదికొచ్చి తలుపు వేసుకుని ఏడ్చాను. అంత ఒంటరితనం మళ్లీ ఏ ఊళ్లోనూ ఎరగను.

ఆ నెలలోనే అమీర్‌పేటలోని ఒక మందుల కంపెనీ డిపో నాకు అప్పగించారు. డిపోలో ఏ మందు ఎంత మిగిలిందో రోజూ మధ్యాహ్నం మద్రాసులోని హెడ్డాఫీసుకు టెలిఫోను లైను మీద పంపాలి. అది అందితేనే మర్నాడు అక్కడి నుంచి సరుకు బయల్దేరుతుంది. పంపే సాధనం మోడెమ్. కంప్యూటరు అంకెలను ఈలగా మార్చి తీగ మీద పంపుతుంది, అవతలి మోడెమ్ ఆ ఈలను మళ్లీ అంకెలు చేస్తుంది. కంప్యూటరుకూ మోడెమ్‌కూ నేరుగా మాటలు కుదరవు. మధ్యలో దుబాసీ లాంటి చిన్న ప్రోగ్రాము ఒకటి ఉండాలి. దాన్నే డ్రైవరు అంటాం. మద్రాసు వాళ్లు కొత్త డ్రైవరును ఫ్లాపీలో పంపారు. పాతది తీసి ఇది వేయడం నా పని. ఫైలు కాపీ చేసి, కంప్యూటరు లేవగానే చదివే ఫైల్లో ఒక వరుస మార్చి, యంత్రాన్ని ఆపి మళ్లీ వేశాను. పరీక్షకు పంపిన డేటా చక్కగా వెళ్లింది. సంతకం పెట్టించుకుని వచ్చేశాను.

మర్నాడే ఫోను వచ్చింది. డేటా పోవడం లేదట.

వెళ్లాను. నా ముందు పంపమన్నాను, వెళ్లింది. తిరిగొచ్చాను, మళ్లీ ఆగింది. డాక్టరు ముందు నొప్పి మాయమైనట్టు, నేను గుమ్మంలో అడుగు పెట్టేసరికి ఆ యంత్రానికి రోగం కుదిరేది. కేబులు మార్చాను. మోడెమ్ మార్చాను. కంప్యూటరు వెనక కేబులు తగిలించే పోర్టు పిన్నులను వాటిలో వాటికే కలిపి, పంపిన అక్షరం తిరిగొస్తోందో లేదో చూశాను. టెలిఫోను శాఖ లైన్‌మన్‌ను పిలిపించి లైను కొలిపించాను. డ్రైవరును తుడిచేసి మళ్లీ మొదటి నుంచి వేశాను. తలప్రాణం తోకకొచ్చింది గానీ జబ్బు చిక్కలేదు.

డిపో మేనేజరు నర్సింగరావు గారు మంచివారే, కానీ సరుకు రాక దుకాణాల వాళ్లు ఆయన ప్రాణం తీస్తున్నారు. ఒకరోజు నన్ను పక్కకు పిలిచి తన నిర్ణయం చెప్పారు. "మీరుంటే పోతది, మీరు బయటికి పోతే పోదు. మిషన్ల ఏం లేదు మేడం, మనిషిల ఉన్నది. నెలాఖరు దాంక చూస్త. గప్పటికీ గిట్లనే ఉంటే గామెను తీసేస్త."

ఆమె అంటే రెహానా బేగం, ఆ కంప్యూటరు ఆపరేటరు. ముప్పై అయిదు దాటిన మనిషి. మొదట డిపోలో టెలిఫోను బోర్డు చూసేది. బోర్డు తీసేశాక టైపు వచ్చు కదా అని కంప్యూటరు గదిలో కూర్చోబెట్టారు. పెళ్లి కాలేదు. అన్న ఇంటి మేడమీద ఒక గదిలో ఉండేది. జీతం ఆగితే ఆ గది కూడా ఉండదని, ఎవరి మీదా నిష్ఠూరం లేకుండా నాతో అంది. అద్దాల తలుపు వెనక, ఏసీ చలిలో, శాలువా కప్పుకుని పగలంతా ఒక్కతే కూర్చునేది. దుమ్ము పడుతుందని ఆ గదిలోకి ఇంకెవరినీ రానిచ్చేవారు కాదు.

ఆ రోజుల్లో కంప్యూటరు గది బయట చెప్పులు విడవడం అన్నిచోట్లా నియమం. జబ్బు దొరికింది ఆ చెప్పుల దగ్గరే. ఒక మధ్యాహ్నం, డేటా పంపే వేళకు ముందే పని ముగించుకుని బయటికొచ్చి చెప్పుల బకిలు పెట్టుకుంటూ, నేను వెళ్లిపోయాననుకున్న రెహానాను అద్దంలోంచి చూశాను. మద్రాసుకు ఫోను కలిసింది. ఆమె ముఖం విప్పారింది. నవ్వింది. ఏదో అడిగింది, చాలాసేపు వింది, తల ఊపింది, మళ్లీ ఏదో చెప్పింది. అప్పుడు గానీ మోడెమ్ మీది బటన్ నొక్కలేదు. స్క్రీన్ మీద డేటా కదల్లేదు.

మా పద్ధతి ఇది. ఆ మోడెమ్‌లు తమంతట తాము నంబరు కలపలేవు. ఆపరేటరే మామూలు ఫోనులో మద్రాసు నంబరు తిప్పాలి. అవతలి ఆపరేటరు ఎత్తాక ఇద్దరూ 'డేటా' బటన్ నొక్కాలి. నొక్కగానే మాట తెగి ఈల మొదలవుతుంది. పాత డ్రైవరు ఆ ఈల కోసం ఎంతసేపైనా కాచుకునేది. డిపోలు పెరిగి, మద్రాసు నంబరు కోసం అందరూ కాచుకోవాల్సి రావడంతో కొత్త డ్రైవరుకు గడువు పెట్టారు. మద్రాసు కంప్యూటర్లోనూ అదే డ్రైవరు; అక్కడ ఫోను మోగిన దగ్గర్నుంచి అర నిమిషంలో ఈల వినపడకపోతే అది ఇక ఆ కాల్‌ను పట్టించుకోదు. మళ్లీ మొదటి నుంచి ఫోను చేయాల్సిందే. బటన్ నొక్కడానికి అర నిమిషం ఎక్కువేనని ఆ డ్రైవరు రాసినవాళ్లూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. నా ఎదుట రెహానా మొహమాటపడి మాట్లాడేది కాదు కనుక డేటా వెళ్లేది.

లోపలికి తిరిగి వెళ్లి, ఏం మాట్లాడుకుంటారని అడిగాను. అవతల ఉన్నది సుబ్బరాయుడు గారట, నెల్లూరు నుంచి వెళ్లి మద్రాసులో స్థిరపడ్డ పెద్దాయన. ఇద్దరూ ఒకరినొకరు ఎన్నడూ చూసుకోలేదు. అన్నం తిన్నావా అమ్మా అని ఆయన అడుగుతాడు. మోకాలి నొప్పి ఎట్లుందని ఈమె అడుగుతుంది. ఫోను కుదరని రోజు, మళ్లీ చేసినప్పుడూ పలకరింపు మొదటి నుంచే. ముందు బటన్ నొక్కవచ్చు కదా అన్నాను.

"గాయన పెద్దాయన మేడం. మాట మధ్యల బటన్ ఎట్ల నొక్కాలె? మొహం మీద ఫోన్ పెట్టేసినట్టే గద. బేఅదబీ అయితది," అంది. తల దించుకుని, "పొద్దంత నన్ను తిన్నవా అని అడిగేది గాయనొక్కడే," అంది.

నన్ను ఆ మాత్రం అడిగేవారు కూడా లేరు.

గడువు పెంచమని మద్రాసుకు ఫోను చేశాను. కుదరదన్నారు. ఒక్క డిపో కోసం అన్ని డిపోల డ్రైవరు మార్చలేమని, ఆపరేటర్లకు శిక్షణ ఇవ్వమని జవాబు. నెలాఖరు దగ్గర పడింది. మర్నాడు రెహానా పక్కన కూర్చుని చెప్పాను, ఇకమీదట ఫోను ఎత్తగానే 'రెడీ' అనాలి, అటువైపు 'రెడీ' అనగానే నొక్కాలి, ఇంకో మాట వద్దు అని. మద్రాసులోని మా కంపెనీ ఇంజనీరు చేత సుబ్బరాయుడు గారికీ అదే చెప్పించాను. ఆమె సరేనంది. మేనేజరుతో, తప్పు మనిషిది కాదు, డ్రైవరు గడువుది, సరిచేశాను అన్నాను. అది అబద్ధం కాదు. డేటా రోజూ మొదటి ఫోనుకే వెళ్లసాగింది. నెలాఖరు గడిచింది, రెహానా కుర్చీ నిలిచింది. మా సీనియరు నన్ను మెచ్చుకున్నాడు కూడా.

చలికాలంలో దుమ్ము దులిపి పరీక్షించే మామూలు తనిఖీకి మళ్లీ వెళ్లాను. అన్నీ సరిగ్గా ఉన్నాయి. రెహానా మాత్రం నా కోసమే కాచుకున్నట్టుంది. కొన్నాళ్లుగా మద్రాసులో 'రెడీ' అనే గొంతు మారిందట. ఎవరో కుర్రగొంతు. ఆయనకేమైందో అడుగుదామనుకునే లోపు అతను బటన్ నొక్కేస్తాడు. తెలుసుకుని చెప్పమంది.

అక్కడి నుంచే మద్రాసులోని మా ఇంజనీరుకు ఫోను కలిపాను. సుబ్బరాయుడు గారు రిటైరయ్యారట. మద్రాసు ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు, చిరునామా ఆఫీసులో ఎవరి దగ్గరా లేదు. ఆఖరి రోజున కూడా అన్ని డిపోల డేటా తానే కూర్చుని అందుకున్నాకే వెళ్లారన్నాడు. విన్నది విన్నట్టు రెహానాకు చెప్పాను.

"ఆఖరి దినం సుత రెడీ అనే అన్నడు మేడం," అంది. "నేను సుత రెడీ అనే అన్న."

తర్వాత ముప్పై ఏళ్లకు పైగా ఈ వృత్తిలో ఉన్నాను. మోడెమ్‌లు తామే నంబరు కలిపే కాలం వచ్చేదాకా, ఎక్కడ అలాంటి లైను వేసినా ఆపరేటర్లకు ఒక పని నేర్పాను. డేటా పూర్తిగా వెళ్లాక వెంటనే ఫోను పెట్టేయకుండా అదే బటన్‌ను మళ్లీ నొక్కి లైనును మాట వైపు తిప్పాలి. ఫోను ఎత్తే ఉంటుంది గనుక లైను తెగదు, గడువుతో పని అప్పటికే తీరిపోయింది గనుక డ్రైవరు అడ్డు చెప్పదు. ఆ తర్వాత కాసేపు మాట్లాడుకోవచ్చు. ఆ బటన్ లైనును రెండు వైపులా తిప్పుతుందని నాకు అమీర్‌పేటలో కూడా తెలుసు. దాన్ని అందుకు వాడవచ్చునని మాత్రం సుబ్బరాయుడు గారు వెళ్లిపోయాకే తోచింది.