లేని తమ్ముడు

సుభద్రకి ఢిల్లీలో ఎవరి మీదా నమ్మకం లేదు. భర్త పోయాక ఆరేళ్ల క్రాంతిని వెంటబెట్టుకుని తాడేపల్లిగూడెం నుంచి లక్ష్మీ నగర్ వచ్చి, తెలుగు విద్యార్థుల హాస్టల్లో పాతికేళ్లు వంట చేసింది. ఆ వంటతోనే కూతుర్ని ఇంజనీరుని చేసింది. ఇంటికి తాళం వేశాక మూడుసార్లు లాగి చూసి, నాలుగోసారి కూతురి చేత లాగించేది. ఆటో ఎక్కేముందు దాని నంబరు అరచేతిలో పెన్నుతో రాసుకునేది. ఆటో కదలగానే ఉత్తి ఫోను చెవికి ఆనించి, "ఒరే తమ్ముడూ, పోలీస్ స్టేషన్ నుంచి బయల్దేరావా? గేటు దగ్గరే ఉండు, వచ్చేస్తున్నాం!" అని అరిచేది. ఆమెకి అసలు తమ్ముడే లేడు. క్రాంతి సిగ్గుతో చచ్చిపోయేది.

"ఆటో అతనికి తెలుగు రాదమ్మా!"

"పోలీసంటే అర్థమవుద్దిగా," అనేది సుభద్ర.

ఆమె పోయిన మూడో నెలలో ఒక సాయంత్రం, క్రాంతి తన కూతురు ఇరాతో క్యాబ్‌లో ద్వారకలోని ఇంటికి వస్తోంది. డ్రైవరు ఉన్నట్టుండి పెద్ద రోడ్డు వదిలి సందులోకి తిప్పాడు.

"భయ్యా, ఇధర్ సే క్యోఁ?" ఇటెందుకని అడిగింది క్రాంతి.

"ఆగే జామ్ హై, మేడమ్." ముందు ట్రాఫిక్ ఆగిపోయిందన్నాడు.

అద్దంలో అతని చూపు క్రాంతికి నచ్చలేదు. ఫోను తీసింది. ఏమడిగినా హిందీలోనే జవాబిచ్చే ఎనిమిదేళ్ల ఇరా, ఇటివ్వమని చెయ్యి చాచింది. ఆ అరచేతిలో క్యాబ్ నంబరు నీలం పెన్నుతో రాసి ఉంది. ఫోను చెవికి ఆనించుకుని, తెలుగులో గట్టిగా అంది:

"అమ్మమ్మా, పోలీస్ తాతయ్యని తీసుకుని గేటు దగ్గరే ఉండు. వచ్చేస్తున్నాం!"